నిర్మల్‌లో ఇంటి పన్ను మదింపు

ఇంటి పన్ను లేదా ఆస్తి పన్ను అనగా పురపాలక సంఘము తన పరిధిలోని కట్టడములపైనా, వాటిని ఆనుకొని ఉన్న స్థలముపైనా విధించే స్థానిక పన్ను. ఇది సంవత్సరమునకు రెండు వాయిదాలలో వసూలవుతుంది. తెలంగాణ రాష్ట్రములోని నిర్మల్ పట్టణములో ఈ పన్నును ఇంటి అమ్మకపు ధరపై కాక, ఆ ఇంటికి న్యాయముగా రాగల అద్దెను లెక్కించి వేస్తూ వచ్చారు. ఈ లెక్కకు ఆధారమైన వివరములు కొన్నే. అవి ఇల్లు ఉన్న ప్రాంతము, కట్టడపు రకము, వైశాల్యము, వయస్సు, వినియోగము, యజమాని స్వయముగా నివసిస్తున్నదీ లేనిదీ. వీటిలో ఏ ఒక్కటి తప్పుగా నమోదైనా, ఆ తప్పు సవరించే వరకు ప్రతి బిల్లులోనూ కొనసాగుతుంది. బిల్లు ఎక్కువగా వచ్చినదని భావించే యజమాని మొదట పరిశీలించవలసినది ఈ నమోదులనే.

నేపథ్యము

నిర్మల్ పట్టణము ఒకప్పటి హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందినది. కొయ్య బొమ్మలకు, వర్ణచిత్రములకు పేరుపొందినది. ఇక్కడ పురపాలక సంఘము 1952లో ఏర్పడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము పట్టణ జనాభా 88,433. 2016 అక్టోబరు 11న నిర్మల్ జిల్లా ఏర్పడగా ఈ పట్టణము జిల్లా కేంద్రమైనది.

ఇంటి పన్నుకు ఆధారమైన చట్టములు కాలక్రమమున మారినవి. హైదరాబాదు రాష్ట్రములో 1956 నాటి హైదరాబాదు జిల్లా పురపాలక సంఘముల చట్టము, కోస్తా, రాయలసీమ ప్రాంతములలో 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘముల చట్టము అమలులో ఉండేవి. ఈ రెండింటి స్థానములో 1965లో ఆంధ్ర ప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము వచ్చినది. పన్ను మదింపు వివరములను నిర్దేశిస్తూ 1990లో ప్రత్యేక నియమములు వెలువడినవి. తెలంగాణ ఏర్పడిన తరువాత 2019లో తెలంగాణ పురపాలక సంఘముల చట్టము అమలులోకి వచ్చినది.

భూములు, కట్టడములపై పన్ను వేసే అధికారము భారత రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాకు (49వ అంశము) చెందినది. ఆ అధికారమునే రాష్ట్ర శాసనము ద్వారా పురపాలక సంఘములు వినియోగిస్తున్నవి. వీధి దీపములు, మురుగు కాలువలు, పారిశుధ్యము వంటి పనులకు పట్టణములకు సొంతముగా లభించే ఆదాయములో ఇంటి పన్ను ముఖ్యమైనది.

అద్దె విలువ - గుంటూరు వ్యాజ్యము

"న్యాయముగా రాగల అద్దె" అనగా ఏది? యజమాని వాస్తవముగా పుచ్చుకొనే అద్దెయా, లేక అద్దె నియంత్రణ చట్టము అనుమతించే అద్దెయా? ఈ ప్రశ్న ఒక తెలుగు పట్టణము నుండే సుప్రీంకోర్టుకు చేరినది. గుంటూరు పురపాలక సంఘమునకు, ఆ పట్టణపు పన్ను చెల్లింపుదారుల సంఘమునకు మధ్య నడచిన వ్యాజ్యములో 1970లో తీర్పు వెలువడినది. అద్దె నియంత్రణ చట్టము వర్తించే ఇండ్లకు ఆ చట్టము ప్రకారము రాగల న్యాయమైన అద్దెకు మించి వార్షిక విలువ కట్టరాదని న్యాయస్థానము తేల్చినది. కంట్రోలరు న్యాయమైన అద్దెను అప్పటికే నిర్ణయించిన ఇంటికీ, ఇంకా నిర్ణయించని ఇంటికీ ఈ విషయములో భేదము లేదని కూడా చెప్పినది.

తరువాతి కాలములో శాసనసభ చట్టమును సవరించినది. ఒక్కొక్క ఇంటి అద్దె ఒప్పందమును విచారించే పద్ధతికి బదులుగా, పట్టణమును ప్రాంతములుగా విభజించి చదరపు మీటరుకు ఇంత అని నెలసరి అద్దె రేటు ప్రకటించే పద్ధతి 1990 నియమములతో స్థిరపడినది. దీనివలన మదింపు చేసే ఉద్యోగి ఇష్టాయిష్టములకు తావు తగ్గినది. అదే సమయములో రేటును మించి నమోదులకు ప్రాముఖ్యము పెరిగినది.

మదింపు విధానము

ఈ విధానములో మదింపు రెండు దశలుగా జరుగుతుంది. మొదటి దశ పట్టణమంతటికీ సంబంధించినది. రెండవది ఒక్కొక్క ఇంటికి సంబంధించినది.

మొదటి దశలో పట్టణమును సౌకర్యములు, వ్యాపార ప్రాముఖ్యము మొదలగువాటిని బట్టి మండలములుగా (జోన్లు) విభజిస్తారు. ప్రతి జోనులో కట్టడపు రకమును బట్టి, వినియోగమును బట్టి చదరపు మీటరుకు నెలసరి అద్దె రేటును ప్రతిపాదించి ముసాయిదా ప్రకటన వెలువరిస్తారు. ప్రజల అభ్యంతరములు స్వీకరించిన తరువాత తుది ప్రకటన వస్తుంది. ఈ సాధారణ సవరణ అయిదేండ్లకు ఒకసారి జరగవలెనని నియమము. అయితే ఆచరణలో అది చాలాసార్లు వాయిదా పడినది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ పురపాలక సంఘములలో నివాస గృహములకు 2002లోను, నివాసేతర కట్టడములకు 2007లోను సాధారణ సవరణ జరిగినది.

రెండవ దశలో ఇంటిని కొలిచి, పై రేటును వర్తింపజేసి వార్షిక అద్దె విలువను కడతారు. దానికి సూత్రము ఇది:

వార్షిక అద్దె విలువ = ప్లింత్ వైశాల్యము (చదరపు మీటర్లలో) × నెలసరి రేటు × 12

ఇందులో పరిగణించే అంశములు:

1. ప్రాంతము: ఇల్లు ఏ జోనులో ఉన్నది. ప్రధాన రహదారి మీది ఇంటికీ, అదే పేటలోని లోపలి సందు ఇంటికీ జోను వేరు కావచ్చును.
2. కట్టడపు రకము: ఆర్.సి.సి. స్లాబులో మేలురకము, సాధారణ రకము, మద్రాసు మిద్దె లేక బండలు పరచిన కప్పు, మంగుళూరు పెంకులు లేక రేకుల కప్పు, నాటు పెంకుల ఇల్లు, గుడిసె.
3. ప్లింత్ వైశాల్యము: కట్టడము ఆక్రమించిన వైశాల్యము. అంతస్తులు ఉన్నచో ప్రతి అంతస్తునూ లెక్కిస్తారు.
4. వయస్సు: కట్టి ఎన్ని సంవత్సరములైనది.
5. వినియోగము: నివాసము, దుకాణము, కార్యాలయము, గోదాము మొదలైనవి.

ఇంటిని ఆనుకొని ఉన్న ఖాళీ స్థలము అంతటికీ వేరుగా పన్ను పడదు. 1965 చట్టము ప్రకారము ఇంటి స్థలముతో కలిపి ప్లింత్ వైశాల్యమునకు మూడు రెట్లు లేక వెయ్యి చదరపు మీటర్లు, వీటిలో ఏది తక్కువైతే అంత స్థలమును ఇంటిలో భాగముగానే ఎంచుతారు. దానిని మించిన స్థలమునకు మూలధన విలువపై ఖాళీ స్థలపు పన్ను వర్తిస్తుంది. పెద్ద వాకిలి, పెరడు గల పాత ఇండ్లకు ఈ నిబంధన ముఖ్యమైనది.

తగ్గింపులు

కట్టడపు వయస్సును బట్టి కట్టడమునకు చెందిన అద్దె విలువలో తరుగుదల ఇస్తారు. 25 సంవత్సరముల వరకు 10 శాతము, 25 దాటి 40 సంవత్సరముల వరకు 20 శాతము, 40 దాటినచో 30 శాతము తగ్గింపు లభిస్తుంది. యజమాని స్వయముగా నివసించే ఇంటికి 40 శాతము తగ్గింపు ఉన్నది. వయస్సును బట్టి వచ్చే తరుగుదల ఈ 40 శాతములోనే కలిసి ఉంటుంది, దానికి అదనము కాదు.

ఇట్లు మిగిలిన విలువపై పురపాలక సంఘము నిర్ణయించిన శాతము ప్రకారము పన్ను లెక్కకడతారు. దీనికి తోడు గ్రంథాలయముల చట్టము ప్రకారము ప్రతి రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చేరుతుంది. ఈ మొత్తము జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందవలసినది.

ప్రార్థనా మందిరములు, బీదలకు ఉచితముగా నడిపే సత్రములు, గ్రంథాలయములు, రక్షిత పురాతన కట్టడములు మొదలగువాటికి చట్టములోని షరతులకు లోబడి మినహాయింపు ఉన్నది. 2019 చట్టము ప్రకారము 75 చదరపు గజముల లోపు స్థలములో, పై అంతస్తు ఒక్కటి మించకుండా కట్టుకొన్న నివాసమునకు సంవత్సరమునకు పన్ను 100 రూపాయలు మాత్రమే.

ఉదాహరణ

ఈ క్రింది లెక్కలోని రేట్లు విధానమును వివరించుటకు ఊహించినవి మాత్రమే. అవి పట్టణములో ప్రకటించిన రేట్లు కావు.

ఒక స్లాబు ఇంటి ప్లింత్ వైశాల్యము 80 చదరపు మీటర్లు. నివాసమునకు చదరపు మీటరుకు నెలకు 20 రూపాయలు రేటు అనుకొన్నచో నెలసరి విలువ 1,600 రూపాయలు, వార్షిక అద్దె విలువ 19,200 రూపాయలు.

* అదే ఇంటి వైశాల్యము 100 చదరపు మీటర్లుగా నమోదైనచో వార్షిక విలువ 24,000 రూపాయలవుతుంది. పెరుగుదల 25 శాతము.
* ఇంటి ముందుగదిలో 15 చదరపు మీటర్లు దుకాణముగా నమోదై, దుకాణపు రేటు 60 రూపాయలైనచో, నెలకు నివాస భాగమునకు 1,300, దుకాణమునకు 900 చొప్పున మొత్తము 2,200 రూపాయలు, వార్షిక విలువ 26,400 రూపాయలు. దుకాణము నిజముగా ఉన్నచో ఇది సరియైన లెక్కయే. దుకాణము ఎత్తివేసి ఆ గదిని తిరిగి నివాసమునకు వాడుకొంటున్నచో, ఆ మార్పు నమోదు కానంత వరకు యజమాని 7,200 రూపాయల అదనపు విలువపై పన్ను కడుతూనే ఉంటాడు.
* ఆ ఇల్లు నిజముగా పెంకుటిల్లు అయి, దానికి రేటు 12 రూపాయలైనచో వార్షిక విలువ 11,520 రూపాయలు మాత్రమే. పెంకుటింటిని స్లాబు ఇల్లుగా వ్రాసినచో పన్ను మూడింట రెండు వంతులు పెరుగుతుంది.

మూడు సందర్భములలోనూ పన్ను శాతము, జోను రేట్లు మారలేదు. మారినది నమోదు మాత్రమే.

నమోదులో వచ్చే తప్పులు

నోటీసు అందినప్పుడు లేక పాత బిల్లును సరిచూసుకొన్నప్పుడు ఈ క్రింది విషయములు పరిశీలించదగినవి.

కొలమానము: పట్టణములో స్థలమును గజములలోను, గదులను అడుగులలోను చెప్పుకొనుట వాడుక. మదింపు మాత్రము చదరపు మీటర్లలో జరుగుతుంది. ఒక చదరపు గజము 0.836 చదరపు మీటరు. ఒక చదరపు మీటరు 10.76 చదరపు అడుగులు. 100 గజములను 100 మీటర్లుగా వ్రాసినచో పన్ను దాదాపు 20 శాతము పెరుగుతుంది.

స్థలము, కట్టడము: రిజిస్ట్రేషను దస్తావేజులోని స్థల విస్తీర్ణము వేరు, కట్టడపు వైశాల్యము వేరు. మొదటిదానిని రెండవదిగా పరిగణించరాదు.

వినియోగము: ముందుగదిలో కిరాణము, వెనుక కాపురము ఉండే ఇండ్లలోను, ఇంటి వద్దనే చేతిపని చేసుకొనే కుటుంబములలోను ఏ భాగము ఏ వినియోగము క్రింద నమోదైనదో విడివిడిగా చూడవలెను. ఒక గదిలోని దుకాణము వలన ఇల్లంతయు దుకాణము కాదు.

యజమాని నివాసము: అద్దెకు ఇచ్చిన ఇంటిలోనికి యజమాని తిరిగి వచ్చినప్పుడు, ఆ మార్పు తెలియజేయనిచో 40 శాతము తగ్గింపు లభించకపోవచ్చును.

పేరు, విభజన: అన్నదమ్ములు ఇంటిని పంచుకొన్న తరువాత కూడా పాత నంబరుపై ఒకే బిల్లు వచ్చుట, లేక పాత, కొత్త నంబర్లపై ఒకే కట్టడమునకు రెండు బిల్లులు వచ్చుట సంభవించును. మొదటిదానికి పన్ను విభజనకు, రెండవదానికి జంట నమోదు రద్దుకు దరఖాస్తు చేయవలెను.

ఇటీవలి సంవత్సరములలో తెలంగాణ పురపాలక సంఘములలో హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి "భువన్" వేదిక ఆధారముగా ఆస్తుల సర్వే జరిగినది. సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి కొలతలను, ఛాయాచిత్రములను ఫోను ద్వారా నమోదు చేశారు. పన్ను పరిధిలోనికి రాని కట్టడములు ఇటువంటి సర్వే వలన బయటపడతాయి. అయితే ఉపగ్రహ చిత్రములో కనిపించేది పైకప్పే గనుక, చూరు, పందిరి, రేకుల వసారా మొదలైనవి గోడల లోపలి కట్టడముగా లెక్కలోనికి రాకుండా నేలపై కొలత సరిచూచుకొనుట అవసరము.

అభ్యంతరము, అప్పీలు

చట్టము పన్ను చెల్లింపుదారునకు వేర్వేరు దశలలో వేర్వేరు అవకాశములు ఇచ్చినది. ఏ అభ్యంతరమును ఏ దశలో తెలుపవలెనో తెలియక అవకాశము పోగొట్టుకొనుట జరుగుచుండును.

ముసాయిదా దశ: జోన్ల విభజన, అద్దె రేట్లు అన్యాయముగా ఉన్నవని భావించేవారు ముసాయిదా ప్రకటనపైననే వ్రాతపూర్వకముగా అభ్యంతరము ఇవ్వవలెను. తుది ప్రకటన వెలువడిన తరువాత, రేటు ఎక్కువగా ఉన్నదన్న వాదనకు ఒక్కొక్క ఇంటి విచారణలో బలము ఉండదు.

రివిజను అర్జీ: కొత్తగా పన్ను విధించినప్పుడు గాని, పెంచినప్పుడు గాని యజమానికి ప్రత్యేక నోటీసు ఇవ్వవలెను. దానిపై పురపాలక కమిషనరుకు రివిజను అర్జీ ఇచ్చుకొనవచ్చును. ఇందుకు గడువు స్వల్పము, సాధారణముగా పదిహేను రోజులు. నోటీసు చేతికి అందిన తేదీని దానిపైననే వ్రాసి ఉంచుకొనుట మంచిది. అర్జీలో "పన్ను ఎక్కువగా ఉన్నది" అని మాత్రమే వ్రాసినచో ప్రయోజనము తక్కువ. నోటీసులోని ఏ వివరము తప్పు, సరియైన వివరము ఏది, దానికి ఆధారమేది అన్న మూడు విషయములు స్పష్టముగా ఉండవలెను. కొలతలతో కూడిన ఇంటి పటము, నిర్మాణ అనుమతి పత్రము, పాత రసీదులు, కప్పు రకము తెలిపే ఛాయాచిత్రము, యజమాని నివాసమునకు విద్యుత్ బిల్లు లేక ఆధార్ వంటివి ఆధారములుగా జతచేయవచ్చును. అర్జీ అందినట్లు రసీదు తీసుకొనవలెను.

అర్జీపై ఇంటిని తిరిగి కొలిచి, యజమాని వాదన విని, వ్రాతపూర్వకముగా ఉత్తర్వు ఇచ్చుట పద్ధతి. కొలతకు వచ్చిన రోజున యజమాని గాని, అతని తరఫువారు గాని ఇంటి వద్ద ఉండి కొలతలను తామూ వ్రాసుకొనుట ఉపయోగకరము.

అప్పీలు: కమిషనరు ఉత్తర్వుతో తృప్తి చెందనివారు పై అధికారికి అప్పీలు చేసుకొనవచ్చును. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజులలో చేయవలెనో ఉత్తర్వును బట్టి తెలుసుకొనవలెను. బిల్లు ప్రకారము పన్ను చెల్లించి ఉండుట అప్పీలుకు షరతు. అందువలన వివాదము నడుస్తున్నదని పన్ను చెల్లింపు ఆపివేయుట యజమానికే నష్టము.

న్యాయస్థానము: చట్టములోని పద్ధతిని పాటించి చేసిన మదింపును సివిలు కోర్టులో ప్రశ్నించుటకు అవకాశము పరిమితము. నోటీసు ఇవ్వకుండా పన్ను పెంచుట, అర్జీని విచారించకుండా త్రోసిపుచ్చుట వంటి సందర్భములలో రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టును ఆశ్రయించవచ్చును. చట్టము చూపిన అర్జీ, అప్పీలు మార్గములను ముందుగా వినియోగించుకొన్నారా అని న్యాయస్థానము చూస్తుంది.

తన ఇంటి కొలతల పత్రము, జోను ప్రకటన ప్రతి కావలసినవారు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవచ్చును. 30 రోజులలో సమాధానము ఇవ్వవలెను. రివిజను గడువు అంతకంటె తక్కువ గనుక, ఈ సమాధానము కొరకు ఎదురుచూస్తూ అర్జీని ఆపరాదు.

యజమాని బాధ్యతలు

2019 చట్టము యజమాని స్వయముగా తన ఇంటి వివరములు ప్రకటించే పద్ధతిని తెచ్చినది. ఈ ప్రకటన తప్పుడుదని తేలినచో తేడా పన్నుకు 25 రెట్లు జరిమానా విధించే నిబంధన ఉన్నది. కావున యజమాని చేసే ప్రకటనలో కూడా కొలతలు నిక్కచ్చిగా ఉండవలెను. అనుమతి లేని కట్టడములకు, అనుమతిని మించిన అంతస్తులకు పన్నుతో పాటు అదనపు జరిమానా పడుతుంది. ఆ పన్ను కట్టినంత మాత్రమున కట్టడము క్రమబద్ధము కాదు.

మొదటి అర్ధ సంవత్సరపు పన్నును జూన్ 30 లోగా, రెండవదానిని డిసెంబరు 31 లోగా చెల్లించవలెను. ఆలస్యమునకు నెలకు 2 శాతము వడ్డీ పడుతుంది. సంవత్సరపు పన్ను మొత్తమును ఏప్రిల్ నెలలోనే చెల్లించేవారికి 5 శాతము రాయితీ ఇస్తూ వచ్చారు. 2020లో పాత బకాయిలను ఒకేసారి చెల్లించినవారికి వడ్డీలో 90 శాతము మాఫీ చేశారు.

ఇంటి పన్ను రసీదు యాజమాన్యపు హక్కు పత్రము కాదు. అది పన్ను చెల్లించినట్లు తెలిపే పత్రము మాత్రమే. పన్ను బకాయి ఇంటిపైననే ఉంటుంది గనుక, ఇల్లు కొనేవారు పాత బకాయిలు లేవని నిర్ధారించుకొనవలెను.

ఇతర ప్రాంతములలో

ఆంధ్ర ప్రదేశ్ 2020లో చట్టమును సవరించి 2021 ఏప్రిల్ నుండి అద్దె విలువకు బదులు మూలధన విలువపై ఆస్తి పన్ను వేయుట ప్రారంభించినది. ఒక సంవత్సరములో పెరుగుదల 15 శాతము మించరాదని పరిమితి ఉంచినది. నిర్మల్‌కు పొరుగున ఉన్న మహారాష్ట్రలో ఈ పన్నును ఘర్‌పట్టీ అంటారు.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో ఇంటి మార్కెట్ విలువపై పన్ను పడుతుంది. ప్రతి సంవత్సరము విలువ నోటీసు వస్తుంది. దానిపై సాధారణముగా మే 15 లోగా అభ్యంతరము తెలిపి సమీక్షా మండలి ముందు వాదించుకొనవచ్చును. ఇంగ్లండులో ఇండ్లను 1991 ఏప్రిల్ 1 నాటి విలువల ప్రకారము తరగతులుగా విభజించి పన్ను వేస్తున్నారు. అక్కడ వివాదము ఇంటి ఖచ్చితమైన ధరపై కాక, అది ఏ తరగతికి చెందుతుందన్న దానిపై నడుస్తుంది. పద్ధతులు వేరైనా పన్ను చెల్లింపుదారుడు చేయవలసిన పని ఒక్కటే. తన ఇంటిని గురించి దస్త్రములో ఏమి వ్రాసి ఉన్నదో చదివి, తప్పు ఉన్నచో గడువు లోపల ఆధారముతో చూపవలెను.

ఇవి కూడా చూడండి

* నిర్మల్
* నిర్మల్ జిల్లా
* పురపాలక సంఘము
* సమాచార హక్కు చట్టము